ఆటోనగర్‌లో రెండున్నర అడుగుల లారీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. విజయవాడ లారీ ఓనర్లనడిగితే మూడోది కూడా చేరుస్తారు... బాడీ కట్టించి చూడు! అవును, మన దగ్గర లారీని తయారుచేయించరు, కట్టిస్తారు. ఇంటికి మల్లే దానికీ మేస్త్రి ఉంటాడు. అడ్డదూలాలు, పట్టీలు, తలుపులు, కిటికీలు, ఆఖర్న రంగులు. కొబ్బరికాయ కొట్టిగానీ పని మొదలుపెట్టరు.

ఆ కట్టుబడికి పేరుపడ్డ చోటు విజయవాడ ఆటోనగర్. నేను వెళ్లింది కూడా లారీ పనిమీదే. కాకపోతే నాకు కావలసిన లారీ పొడవు రెండున్నర అడుగులు. బరువు నాలుగున్నర కిలోలు. డ్రైవరు లోపల కూచోడు, రిమోటు పట్టుకుని వెనకాల నడుస్తాడు.

చెబితే నవ్వుతారేమోనని మొదటి రెండు షెడ్లలో అసలు సంగతి చెప్పలేదు. మూడో షెడ్డులో చెప్పాను. నవ్వలేదు సరికదా, 'చక్రాలెన్నండీ, ఆరా పదా?' అన్నాడు వెల్డింగు చేస్తున్న కుర్రాడు.

'పది.'

'అయితే మా పెద్దమేస్త్రిగారితో మాట్లాడండి' అని లోపలికి చూపించాడు.

మన లారీ ఏ పెట్టెలోనూ లేదు

రేడియో కంట్రోల్ లారీ అంటే బజార్లో దొరికే రిమోటు కారు లాంటిదే అనుకుంటారు చాలామంది. ఆ కారు బటన్ నొక్కగానే గోడకి కొట్టుకుంటుంది, నాలుగోరోజుకి మంచం కిందికి చేరుతుంది. ఇది వేరు. దీనికి లోహపు చాసిస్ ఉంటుంది. కమాను కట్టలు, గేరుబాక్సు, వెనక ఇరుసులో డిఫరెన్షియల్ ఉంటాయి. చెడితే విప్పుకుని బాగుచేసుకోవచ్చు. చేసుకోవాలి కూడా.

ఈ సరదాని లోకానికి అంటించినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది జపాన్‌లోని షిజుఓకా ఊరివాళ్లని. అక్కడి టమియా సంస్థ 1946లో కలప వ్యాపారంగా మొదలైంది. చెక్కతో ఓడల నమూనాలు చేసి, తర్వాత ప్లాస్టిక్‌కి మారింది. 1976లో పోర్షె 934 కారుతో రేడియో కంట్రోల్‌లోకి దిగింది. 1981లో తెచ్చిన టయోటా హైలక్స్ పికప్‌కి నిజం బండిలాగే లోహపు చాసిస్, మూడు గేర్లు పెట్టింది. 1993లో కింగ్ హాలర్ పేరుతో అమెరికా తరహా ముక్కు లారీని పద్నాలుగో వంతు సైజులో విడుదల చేసింది. ఆ తర్వాత స్కానియా, వోల్వో, మెర్సిడెస్ బెంజ్... ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నీ పెట్టెలో ముక్కలుగా వస్తాయి. పుస్తకం చూస్తూ బిగించుకోవడమే.

ఆ జాబితాలో మన టాటా లేదు, లేలాండ్ లేదు. నెత్తిన అటక, ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ, వెనక చెక్కమీద తామరపువ్వులూ ఉన్న లారీ కావాలంటే మొదటి రేకు ముక్క నుంచీ మనమే కట్టుకోవాలి. దీన్నే స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. అంటే ఇనుము కరిగించి పోతపోయాలని కాదు. టైర్లు, గేర్లు, మోటారు, రేడియో కొనుక్కుంటాం. చాసిస్, క్యాబిన్, బాడీ మాత్రం చేతిపని.

చేతిపనికి కొలతలు కావాలి. చాసిస్ కొలతలు కంపెనీ కాగితాల్లో దొరుకుతాయి. క్యాబిన్ సంగతే వేరు. దాన్ని కట్టింది మేస్త్రి. ఆయన బొమ్మ గీసుకోలేదు. కొలతలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. అందుకే ఆటోనగర్ వెళ్లక తప్పలేదు.

వీధికో పని

బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పటమట దాటితే ఆటోనగర్. 1966లో ఏర్పడింది. విస్తీర్ణం 275 ఎకరాలు. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి రెండూ తగిలే ఊరు కావడంతో ఎక్కడెక్కడి బండ్లో ఇక్కడికొచ్చి ఆగుతాయి.

ఆటోనగర్ కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. రేకుమీద సుత్తి దెబ్బలు ఒక లయలో పడుతుంటాయి. తర్వాత ముక్కుకి... థిన్నర్ వాసన, కాలిన గ్రీజు, మధ్యలో అల్లం టీ. ఒక వరసలో అంతా కమాను కట్టలవాళ్లే. ఇంకోచోట రేడియేటర్లు. మరోచోట సీట్లు కుట్టేవాళ్లు, టార్పాలిన్లవాళ్లు, లేత్ మెషిన్లు. లారీని ముక్కలుగా విప్పి వీధులకి పంచిపెట్టినట్టుంటుంది. అడ్రసు అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. 'ఆ యాక్సిళ్ల షాపు పక్కసందు' అంటారు, అంతే.

నా బోటివాడికి ఇది దుకాణం కాదు, బడి. పుస్తకంలో డిఫరెన్షియల్ బొమ్మ పదిసార్లు చూసినా బుర్రకెక్కనిది, ఇక్కడ నేలమీద విప్పి పరిచిన పళ్లచక్రాలు ఒక్కసారి చూస్తే ఎక్కేస్తుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ తిరగాలి. ఆ సర్దుబాటంతా అక్కడే. చిన్న లారీలోనూ ఇదే యంత్రం, ఉసిరికాయంత ఉంటుంది.

పైకప్పు లేని ప్రయాణం

పెద్దమేస్త్రిగారికి అరవై దాటాయి. ముక్కు చివర కళ్లజోడు, చెవిమీద పెన్సిలు. 'ఇప్పుడు క్యాబిన్లు కట్టడం ఏముంది బాబూ, కంపెనీయే కట్టి పంపుతోంది. మేం వెనక తొట్టి కడతాం' అన్నారు.

నలభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో హైవేమీద ఒట్టి చాసిస్‌లు బారులు తీరి వెళుతుండేవి. ఇంజను, చక్రాలు, ముందు ముఖంలాంటి ఒక రేకు... దాన్ని కౌల్ అంటారు. అంతే! జంషెడ్‌పూర్ నుంచో ఎన్నూరు నుంచో డ్రైవర్లు వాటిని అలాగే నడుపుకొచ్చేవాళ్లు. తలుపుల్లేవు, కప్పు లేదు. తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్లకి అద్దాలు పెట్టుకుని, ఎండావానా మీదేసుకుని వందల కిలోమీటర్లు. ఊళ్లోకి వచ్చాక మేస్త్రి చేతిలో దానికి ఒళ్లు, తల మొలిచేవి.

ఆ క్యాబిన్ డ్రైవరుకి ఇల్లే. వెనక అడ్డంగా పడుకునే బల్ల, నెత్తిన సామాను అటక, అద్దం పైన దేవుడి పటానికి చిన్న గూడు. గూడు ఎంత ఉండాలో ఏ కంపెనీ ఇంజినీరూ లెక్కకట్టలేదు. ఓనరు ఇష్టదైవాన్ని బట్టి మేస్త్రి చేసిచ్చేవాడు.

ఇక ఆ రోజులు తిరిగిరావు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ ఉండి తీరాలని కేంద్రం 2023 డిసెంబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఇందులో తప్పుపట్టడానికేం లేదు. మే నెలలో ఇంజను పక్కన కూచుని ఒంగోలు దాటిన డ్రైవరునడగండి, ఏసీకి దణ్ణం పెడతాడు. పాత క్యాబిన్ అందం చూసి మురిసిపోయే మనం అందులో ఒక్క మధ్యాహ్నం కూచోలేం. కానీ ఆ కట్టే తీరు మాత్రం, రాసిపెట్టుకోకపోతే, కట్టినవాళ్లతోనే పోతుంది.

'పాతది ఒక్కటైనా ఉందా మేస్త్రిగారూ, కొలుచుకుంటాను' అన్నాను.

ఆయన షెడ్డు వెనక్కి తీసుకెళ్లారు. పిచ్చిమొక్కల్లో, చక్రాలూ ఇంజనూ లేకుండా, పదిచక్రాల లారీ ముందు సగం నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడి కింద పాత నీలం కనబడుతోంది. తలుపు చెక్క ఒకటి లేదు. గూట్లో దేవుడూ లేడు, మేకు మాత్రం ఉంది.

'నేను కట్టిందే. తుక్కువాడికి ఇచ్చేశారు. ఎల్లుండి గ్యాస్ పెట్టి కోసుకుపోతాడు.'

అంటే చేతిలో ఉన్నది రెండు రోజులు.

అంగుళానికి రెండు మిల్లీమీటర్లు

నమూనా కట్టేవాళ్లు మొదట తేల్చుకోవలసింది సైజు. పద్నాలుగో వంతా, పదహారో వంతా? చేతితో కట్టేటప్పుడు ఈ సంగతి తేల్చేది టైరు. రేకు ఎంతకైనా కోసుకోవచ్చుగానీ రబ్బరు టైరు ఇంట్లో పోసుకోలేం కదా! నా దగ్గరున్న టైర్లు 84 మిల్లీమీటర్ల ఎత్తు. నిజం లారీ '10-20' టైరు ఎత్తు సుమారు 1,050 మిల్లీమీటర్లు. భాగిస్తే పన్నెండున్నర. కాబట్టి నా లారీ అసలు దాంట్లో పన్నెండున్నరో వంతు.

చూడ్డానికి ఇబ్బందిగా ఉన్న ఈ అంకె ఆటోనగర్‌లో వరమైంది. ఎందుకంటే అక్కడ మీటర్లు నడవవు. అడుగులు, అంగుళాలు, నూళ్లు. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. పన్నెండున్నరతో భాగిస్తే రెండు మిల్లీమీటర్లు! మేస్త్రిగారు 'పద్దెనిమిది అంగుళాలు' అనగానే నేను 36 అని రాసుకోవచ్చు. ఇరవైనాలుగు అడుగుల బాడీ నా బల్లమీద 585 మిల్లీమీటర్లవుతుంది.

రెండు రోజులూ ఇదే పని. ఆయన టేపు ఒక కొస పట్టుకునేవారు, రెండోది నేను. మధ్యలో వెల్డింగు కుర్రాడు వచ్చి చేరాడు. తిన్నగా ఉన్నవి తేలిగ్గానే అయిపోయాయి. చిక్కల్లా అద్దం పైనుంచి కప్పులోకి తిరిగే వంపు దగ్గర. టేపుకి అది అందదు. అట్టముక్క పెట్టి గీద్దామంటే రేకు సొట్టలు.

మేస్త్రిగారు లోపలికెళ్లి గోడకి మేకున వేలాడుతున్న ప్లైవుడ్ ముక్కొకటి తెచ్చారు. అరటి దొప్పలా వంపు తిరిగి, అంచులు నూనె పట్టి నల్లబడి ఉంది. 'ఇదే నా ప్లాను. మా గురువుగారి దగ్గర దీన్ని కొలిచి చేసుకున్నాను. అన్ని బళ్లకీ ఇదే.'

దాన్ని కాగితంమీద పెట్టి చుట్టూ గీసుకున్నాను. నిలువునా గళ్లు గీసి, గడి గడికీ ఎత్తు కొలిచి, పన్నెండున్నరతో భాగిస్తే చిన్న వంపు వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్లో గీసి త్రీడీ ప్రింటరు మీద అచ్చుతీసే వీలుంది. చాలామంది అలాగే చేస్తున్నారు, బాగానే వస్తున్నాయి. కానీ గీయడానికైనా ముందు ఈ ప్లైవుడ్ ముక్క కావాలి కదా!

మూడోరోజు పొద్దున తుక్కువాడు చెప్పినట్టే వచ్చాడు. పదకొండు గంటలకల్లా అక్కడ గడ్డి మిగిలింది.

తగ్గించినా తగ్గనివి

కొలతలన్నీ భాగిస్తే లారీ వచ్చేస్తుందనుకుంటాం. అక్కడే ఉంది తమాషా. పొడవు పన్నెండున్నర రెట్లు తగ్గితే వెడల్పూ ఎత్తూ కూడా తగ్గుతాయి కాబట్టి బరువు దాదాపు రెండువేల రెట్లు తగ్గుతుంది. తొమ్మిది టన్నుల ఖాళీ లారీ నాలుగున్నర కిలోలవుతుంది. లోడుతో 25 టన్నులు తూగేది 13 కిలోల లోపే.

దీని దెబ్బ కమాను కట్టలమీద పడుతుంది. నిజం లారీలో ఉన్నన్ని పట్టీలు అదే లెక్కన సన్నగా కోసి కట్ట కట్టాననుకోండి, ఆ కాస్త బరువుకి అవి చలించవు. బండి ఎడ్లబండిలా ఎగురుతుంది. అందుకని కట్టలో ఒకటి రెండు మాత్రమే అసలు ఉక్కు. పెట్టెలకి చుట్టే ఇనప ప్యాకింగ్ పట్టీ దీనికి చక్కగా సరిపోతుంది. మిగతావి ప్లాస్టిక్ ముక్కలు, చూపుకి మాత్రమే. ఈ కిటుకు చెబితే కమాను కట్టలాయన కాసేపు ఆలోచించి, 'మావాళ్లు ఉన్నదానిమీద ఇంకో పట్టీ వెయ్యమంటారు, మీరు తీసెయ్యమంటున్నారు' అని నవ్వాడు.

వేగం కూడా అంతే. అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ ఈ సైజులో గంటకి 4.8 కిలోమీటర్లు వెళితేనే లారీలా కనబడుతుంది. అంటే మనిషి నడక. ఇలాంటి బండ్లకి వాడే 540 సైజు మోటారు నిమిషానికి 12 వేల చుట్లదాకా తిరుగుతుంది. టైరు మాత్రం 300 చుట్లు తిరిగితే చాలు. కాబట్టి మోటారు 40 తిరిగితే చక్రం ఒకటి తిరిగేలా గేర్లు కూర్చాలి. కొత్తగా ఈ సరదాలోకి వచ్చే పిల్లలు ముందు స్పీడు పెంచాలని చూస్తారు. పరిగెత్తే లారీ బొమ్మలా ఉంటుంది. నెమ్మదిగా, బరువు మోస్తున్నట్టు కదిలితేనే లారీ.

మిగతా సరంజామా తేలికే. చాసిస్‌కి హార్డ్‌వేర్ షాపులో దొరికే అల్యూమినియం ఛానెల్. స్టీరింగుకి ఒక సర్వో, గేరు మార్చడానికి ఇంకొకటి. 7.2 వోల్టుల బ్యాటరీ తొట్టి కింద దాక్కుంటుంది. రేడియో 2.4 గిగాహెర్ట్జ్‌ది. ఒకప్పటి 27 మెగాహెర్ట్జ్ సెట్లలో ఇద్దరి దగ్గర ఒకే క్రిస్టల్ ఉంటే ఒకరు తిప్పినప్పుడు ఇంకొకరి బండి తిరిగేది. దెబ్బలాటలు కూడా అయ్యేవి. ఇప్పుడా గొడవ లేదు.

కొండపల్లి మక్కు

తొట్టి దేంతో కట్టాలి? ప్లాస్టిక్ షీటుతో కడతారు బయటి దేశాల్లో. చెక్కలా కనబడటానికి దానిమీద గీతలు గీకి, రంగు పూసి నానా తంటాలు పడతారు. విజయవాడకి పాతిక కిలోమీటర్లలోపే కొండపల్లి పెట్టుకుని మనకి ఆ ఖర్మేమిటి?

కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి దూదిలాంటి కర్ర. చాకుతో గీస్తే గీసినట్టు వస్తుంది. అక్కడి బొమ్మల కాలనీలో ఏనుగు అంబారీకి విడిగా, తొండానికి విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకులు కనబడవు. తొట్టి పలకలు ఆ కర్రతోనే కోసుకున్నాను. సందులు పూడ్చడానికి మక్కు. నాలుగు మిల్లీమీటర్ల పలక అంటే నిజం లారీలో రెండంగుళాల చెక్క. మరీ మెత్తటి కర్ర కాబట్టి లోపల అల్యూమినియం పట్టీలు దాపెట్టాను. ఆటోనగర్‌లోనూ చెక్కవెనక ఇనుము దన్నుగా పెట్టేదే.

ఆటోనగర్లో కారుకి పుట్టీ పెట్టేవాళ్లకి ఈ మక్కు చూపిస్తే వేలితో నలిపి వాసన చూశారు. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఇద్దరూ సందులు పూడ్చే పనే చేస్తున్నారు. ఒకరిది చింతగింజ, ఒకరిది డబ్బా.

వెనక తలుపుమీద తామరపువ్వు, రెండు పక్కలా చిలకలు వెయ్యడానికి ఒప్పుకున్న పెయింటరు అసలు లారీమీద గంటలో వేసేస్తాడు. దీనిమీద ఒక పూట పట్టింది. సన్నని కుంచెలో కూడా నాలుగు వెంట్రుకలు ఉంచి మిగతావి కత్తిరించేశాడు. నంబరు ప్లేటు దగ్గరికొచ్చాక ఆగి, 'ఏం నంబరు వెయ్యమంటారు?' అన్నాడు. తుక్కుకి పోయిన బండి నంబరే వేయించాను. ఆర్టీఓ ఆపడులెండి.

మేస్త్రిగారి పరీక్ష

లారీ పూర్తయ్యాక అదే షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రిగారు కళ్లజోడు తుడుచుకుని నేలమీద గొంతుక్కూచున్నారు. నడిపి చూపించబోతే వద్దన్నారు. ముందు తలుపు తీసి మూశారు. అద్దం పైన వంపుమీద బొటనవేలు రాశారు. గూట్లోకి తొంగిచూశారు. తొట్టి మూలమట్టం చూడ్డానికి ఒంటికన్ను మూశారు. 'కుడిపక్క తలుపు ఒక నూలు దిగింది' అన్నారు. స్కేలు పెట్టి చూస్తే పావు మిల్లీమీటరు. మేస్త్రిగారి లెక్కలో నూలే!

అప్పుడు నడిపాను. మొదటి గేరులో సందు మధ్యనుంచి, ఇసకమీదుగా, పాత టైరు పక్కనుంచి వెళ్లింది. వెల్డింగు కుర్రాళ్లు పని ఆపి వెంట నడిచారు. ఒకడు రెంచి తెచ్చి తొట్టిలో వేశాడు, లోడు చూద్దామని. ఇంకొకడు రెండు. నట్ల డబ్బా కూడా పడ్డాక కమాను కట్టలు కొంచెం దిగాయి. నడక నిండుగా మారింది. టీ కుర్రాడు గ్లాసులు పట్టుకుని దానికి దారిచ్చాడు.

మేస్త్రిగారు దాన్ని చూడ్డం లేదు. నేను వెంట తెచ్చిన గీతల కాగితాలు తిరగేస్తున్నారు. ముందునుంచి, పక్కనుంచి, పైనుంచి... ఆయన కట్టిన క్యాబిన్ కాగితంమీద కనబడటం అదే మొదటిసారి. వంపు గీసిన కాగితం దగ్గర చాలాసేపు ఆగారు.

'ఇవి జిరాక్సు తీసుకోవచ్చా బాబూ? మా మనవడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, మెకానికల్. తాత ఏం కట్టేవాడో చూపిద్దామని.'

'అయ్యో, ఈ సెట్టు మీరే ఉంచుకోండి. నా దగ్గర ఇంకోటుంది' అన్నాను.

కాగితాలు జాగ్రత్తగా మడిచి, మళ్లీ విప్పి చూశారు. 'అన్నీ మిల్లీమీటర్లే వేశారు. కాస్త అంగుళాలు కూడా రాసివ్వండి' అని చెవిమీది పెన్సిలు తీసి ఇచ్చారు.

బల్లమీదున్న రేకుముక్కలు పక్కకి జరిపి రాయడం మొదలుపెట్టాను. రెండుకి ఒకటి. ముప్పయ్యారుకి పద్దెనిమిది.